ఇంట్ రెండు బైట్లా, నాలుగు బైట్లా అన్నది అసలు ప్రశ్న కాదు

సీ భాషలో పూర్ణసంఖ్యలను దాచే ఇంట్ టైపు సైజు 2 బైట్లని కాలేజీలో చెప్పారనీ, మీ ల్యాప్‌టాప్‌లో 4 వస్తోందనీ, ఏది నిజమనీ అడిగారు. రెండూ నిజమే. ఇంట్‌కు కనీసం 16 బిట్లు ఉండాలని మాత్రమే సీ ప్రమాణం చెబుతుంది. పాత టర్బో సీ కంపైలర్‌లో 2 బైట్లు, నేటి ల్యాప్‌టాప్ కంపైలర్లలో 4. అయితే ఈ అంకెను బట్టీపట్టినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. లెక్క ఏ టైపులో జరుగుతుందో తెలియడం ముఖ్యం.

మా బావమరిది మిద్దె మీది ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారును ఆర్డుయినో ఊనో అనే చిన్న కంట్రోలర్ బోర్డుతో నడిచేలా అమర్చుకున్నాడు. మోటారు నడవాల్సిన సమయాన్ని మిల్లీసెకన్లలో ఒక అన్‌సైన్డ్ లాంగ్ (రుణ సంఖ్యలు లేని 32 బిట్ల టైపు) వేరియబుల్‌లో పెట్టి, 30 * 1000 అని రాసి పరీక్షిస్తే అది అరనిమిషానికి ఠంచనుగా ఆగింది. 30ని 60గా మార్చాక మాత్రం ఆగనే లేదు. ట్యాంకు పొంగి గోడ వెంట నీళ్లు కారుతుంటే, మోటారు స్విచ్‌గా పనిచేసే రిలే అతుక్కుపోయి ఉంటుందని కొత్తది వేశాడు. అయినా అదే తంతు. నేను ఆ వేరియబుల్‌ను సీరియల్ మానిటర్‌లో ప్రింట్ చేయించి చూశాను. 60000 ఉండాల్సిన చోట 4294961760 కనబడింది, అంటే దాదాపు 50 రోజుల సమయం.

అతని 8 బిట్ల ఊనోలో ఇంట్ 16 బిట్లే కనుక 32767 దాటిన విలువ అందులో పట్టదు. 60, 1000 రెండూ ఇంట్‌లే కాబట్టి, ఫలితాన్ని ఎంత పెద్ద వేరియబుల్‌లో దాచుకోబోతున్నామన్న దానితో పనిలేకుండా, గుణకారం ఇంట్‌లోనే జరిగిపోయి -5536 వచ్చింది. దాన్ని 32 బిట్ల అన్‌సైన్డ్‌లోకి మార్చినప్పుడు ఆ మహా సంఖ్య పుట్టింది. 60 పక్కన యూఎల్ (అన్‌సైన్డ్ లాంగ్ అని చెప్పే గుర్తు) చేర్చగానే మోటారు నిమిషానికి ఆగింది. ఇలాంటి తప్పును కంపైలర్ పసిగట్టి హెచ్చరించగలదు, కానీ ఆర్డుయినో ఎడిటర్ సెట్టింగుల్లో హెచ్చరికలు మొదటి నుంచీ ఆపేసి ఉంటాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకే అవి ఎక్కువ అవసరం కాబట్టి, వాళ్ల కోసం తయారైన పరికరంలో ఇలా ఉండటం నాకు ఏమాత్రం నచ్చదు.

మన ఇంజినీరింగ్ పరీక్షల్లో సైజుల పట్టికకు మార్కులు పడతాయి గానీ, లెక్కలో చిన్న టైపులు పెద్ద టైపులుగా మారే ప్రమోషన్ నియమాలను అడిగేవారు అరుదు. నా దృష్టిలో వరుస తలకిందులు కావాలి. 8 బిట్ల అన్‌సైన్డ్ వేరియబుళ్లలోని 200, 100లను కూడితే అవి ముందుగా ఇంట్‌గా మారి 300 వస్తుందనీ, దాన్ని తిరిగి 8 బిట్లలో పెడితే 44 మిగులుతుందనీ విద్యార్థి చేత్తో లెక్కకట్టి చూడాలి. సైన్డ్ ఇంట్‌ను అన్‌సైన్డ్ ఇంట్‌తో పోల్చినప్పుడు సైన్డ్ విలువే అన్‌సైన్డ్‌గా మారిపోతుంది కనుక, -1 అనేది అన్‌సైన్డ్ 1 కన్నా చిన్నదా అని అడిగితే కాదని జవాబు వస్తుంది. జీసీసీ కంపైలర్‌లో సీ ప్రోగ్రాంకు హెచ్చరికలు చూపించే వాల్ (-Wall) ఆప్షన్ ఒక్కటే ఇస్తే దీనిపై హెచ్చరిక రాదు. వెక్స్‌ట్రా (-Wextra) కూడా ఇవ్వాలి.

ఇంట్ కన్నా పెద్దదని లాంగ్ టైపును కూడా నమ్ముకోకండి. 64 బిట్ల లినక్స్‌లో అది 8 బైట్లు, 64 బిట్ల విండోస్‌లో 4. కచ్చితమైన సైజు కావాలంటే 1999 ప్రమాణంతో వచ్చిన ఎస్‌టీడీఇంట్ (stdint.h) హెడర్‌లోని టైపులు వాడండి, అయితే ఇంట్ కన్నా చిన్నవైతే అవి కూడా లెక్కలోకి రాగానే ప్రమోట్ అవుతాయి.