విదేశీ పాస్‌పోర్టు, ఓసీఐ కార్డుతో బెంగళూరులో కారు మన పేరు మీద కొనవచ్చా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా: మీకు అమెరికా పౌరసత్వం, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతి వాళ్లకు ఇచ్చేది) ఉన్నాయి. కంపెనీ రెండు మూడేళ్లకు బెంగళూరు పంపుతోంది, వైట్‌ఫీల్డ్‌లో అద్దె ఇల్లు కుదిరింది. విదేశీయుల పేరు మీద ఇక్కడ కారు రిజిస్టర్ చేయరని, తిరుపతిలో ఉన్న మీ మామయ్య పేరు మీద కొని తెచ్చుకుంటే పన్ను కూడా కలిసివస్తుందని ఇంట్లో వాళ్లు చెబుతున్నారు.

దయచేసి ఆ పని చేయకండి. కారు మీ పేరు మీదే కొనండి, బెంగళూరులోనే రిజిస్టర్ చేయించండి. నేను ఆస్ట్రేలియా పాస్‌పోర్టు, ఓసీఐ కార్డుతో వచ్చి మీకు దగ్గర్లోనే, హూడిలో ఉంటున్నాను. నా కారు నా పేరు మీదే, కృష్ణరాజపురం ఆర్‌టీఓ ఇచ్చే కేఏ 53 నంబరుతో తిరుగుతోంది. మీ వైట్‌ఫీల్డ్ కూడా ఆ కార్యాలయం కిందికే వస్తుంది.

మన వాళ్లకు ఈ అనుమానం ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించగలను. ఓసీఐ ఉన్నవాళ్లు పొలం, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదన్న సంగతి మన ఊళ్లలో అందరికీ తెలుసు. అదే నిబంధన కారుకూ ఉంటుందని అనుకుంటారు. ఆ ఆంక్ష స్థిరాస్తికి సంబంధించింది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 40వ సెక్షన్ అడిగేది యజమాని ఎక్కడ నివసిస్తున్నాడు, లేదా వ్యాపారం ఎక్కడ, బండి మామూలుగా ఎక్కడ ఉంటుంది అనే. పౌరసత్వం ప్రసక్తే లేదు.

అసలు చిక్కు చిరునామా రుజువు దగ్గర వస్తుంది, ముఖ్యంగా మనలాంటి వాళ్లకు. భారత పాస్‌పోర్టు చివరి పేజీలో చిరునామా అచ్చయి ఉంటుంది కాబట్టి అదే రుజువుగా చెల్లుతుంది. మన పాస్‌పోర్టులో బెంగళూరు చిరునామా ఉండదు. ఓసీఐ కార్డు మన హోదాకు రుజువు, ఇంటికి కాదు. ఉద్యోగ వీసా మీద వచ్చిన జర్మన్‌కో జపానీయుడికో ఈ ఇబ్బంది తక్కువ. వీసా 180 రోజులకు మించితే వాళ్లు వచ్చిన 14 రోజుల్లోపు విదేశీయుల నమోదు కార్యాలయం (ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ) దగ్గర నమోదు కావాలి, అక్కడ ఇచ్చే పత్రంలో స్థానిక చిరునామా ఉంటుంది. ఓసీఐ వాళ్లకు ఆ నమోదు నుంచి మినహాయింపు ఉంది కాబట్టి ఆ పత్రమూ చేతికి రాదు. పూర్తి విదేశీయుడికి ఉన్న కాగితం సగం స్వదేశీయులమైన మనకు ఉండదు. దీన్ని ముందే తెలుసుకుంటే షోరూంలో కంగారు పడరు.

ఆధార్ ఉంటే సగం పని అయిపోయినట్టే. గడిచిన 12 నెలల్లో 182 రోజులు ఇక్కడ ఉన్నవాళ్లు, ఓసీఐ అయినా సరే, ఆధార్ తీసుకోవచ్చు. అంటే మొదటి ఆరు నెలలు అది దొరకదు. ఈలోగా కొనాలనుకుంటే అద్దె ఒప్పందం, కంపెనీ లెటర్‌హెడ్ మీద చిరునామా రాసిన లేఖ, నోటరీ చేయించిన అఫిడవిట్ సిద్ధం చేసుకోండి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 4వ నిబంధన చిరునామాకు ఏవేవి చెల్లుతాయో చెబుతుంది, వాటిలో అఫిడవిట్ కూడా ఉంది. నేను అలాగే ఇచ్చాను, తీసుకున్నారు. మూడు కాగితాల్లోనూ ఇంటి నంబరు, క్రాస్, మెయిన్ రోడ్ల నంబర్లు, పిన్‌కోడ్ అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉండాలి. మొదట వెళ్లిన షోరూంలో ఓసీఐ అనగానే కుదరదన్నారు. ఇంకో షోరూంలో రిజిస్ట్రేషన్ పని చూసే ఉద్యోగికి ఇలాంటి దరఖాస్తులు అలవాటు, ఆయన ఏ ఇబ్బందీ లేకుండా పూర్తి చేయించారు. అందుకే కారు రంగు గురించి మాట్లాడే ముందు, విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఇంతకుముందు రిజిస్టర్ చేయించారా అని అడగండి. బుకింగ్ డబ్బు ఆ తర్వాతే కట్టండి.

ఇప్పుడు మీ మామయ్య పేరు సంగతి. చట్టం దృష్టిలో ఆర్‌సీలో (బండి రిజిస్ట్రేషన్ పత్రంలో) పేరున్న మనిషే యజమాని. నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని గట్టిగా చెప్పింది: కారు చేతులు మారిపోయినా ఆర్‌సీలో పేరు మారనంతవరకు ప్రమాద పరిహారం బాధ్యత పాత పేరుదే. మారతహళ్లి వంతెన దగ్గర మీ చేతిలో ఎవరికైనా దెబ్బ తగిలితే తిరుపతిలో ఉన్న పెద్దాయనకు నోటీసు వెళుతుంది. ఆ వయసులో ఆయనను బెంగళూరు ట్రిబ్యునల్ చుట్టూ తిప్పడం న్యాయమేనా? మీకు జరిగే నష్టం వేరే ఉంది. బీమాలో యజమాని‑డ్రైవరుకు ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద రక్షణ ఆర్‌సీలో పేరున్న యజమానికే వర్తిస్తుంది. రోజూ నడిపేది మీరు, రక్షణ ఆయనకు.

పన్ను కలిసివస్తుందన్న మాటా నిలవదు. వేరే రాష్ట్రం బండి ఇక్కడ 12 నెలలకు మించి ఉంటే 47వ సెక్షన్ ప్రకారం కర్ణాటక నంబరు తీసుకోవాలి. తిరుపతి ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి, కర్ణాటకలో జీవితకాల పన్ను కట్టాలి, అక్కడ కట్టినదానిలో మిగిలిన కాలానికి వాపసు కోరుతూ దరఖాస్తు పెట్టాలి. ఆ వాపసు కోసం తిరిగేది కూడా మామయ్యే, ఎందుకంటే పన్ను కట్టిన పేరు ఆయనది.

కర్ణాటకలో రోడ్డు పన్ను బరువే, కాదనను. నేను చూసినప్పుడు 5 లక్షల లోపు కారుకు 13 శాతం, 10 లక్షల వరకు 14, 20 లక్షల వరకు 17, ఆపైన 18, దాని మీద సెస్సు. రెండేళ్లు ఉండటానికి జీవితకాల పన్ను కట్టాలంటే మనసు ఒప్పదు. అందుకు నా సలహా, కేఏ నంబరు ఉన్న వాడిన కారు చూడండి. మొదటి యజమాని పన్ను కట్టేసి ఉంటాడు, ఫారం 29, 30 లతో పేరు మార్పిడి ఒక్కటే మీ పని. కొత్త కారే కావాలంటే, మీ కంపెనీకి నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో కార్యాలయాలు ఉంటే దేశమంతటా చెల్లే బీహెచ్ సిరీస్ నంబరు గురించి కనుక్కోండి, అందులో పన్ను రెండేళ్ల చొప్పున కడతారు. మీలాంటి కాగితాలతో ఆ దరఖాస్తు తీసుకుంటారో లేదో ఆర్‌టీఓలో ముందే తేల్చుకోవాలి.

డబ్బు చెల్లింపులో పెద్ద చిక్కు లేదు. ఉద్యోగం కోసం వచ్చి ఉంటున్నవాళ్లు ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) లెక్కలో ఇక్కడి నివాసులే, జీతం ఖాతా నుంచి కట్టవచ్చు. పాన్ మాత్రం ముందే తీసుకోండి, విదేశీ పౌరులకు దరఖాస్తు ఫారం వేరుగా ఉంటుంది. కారు 10 లక్షలు దాటితే షోరూం వాళ్లు 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) వసూలు చేస్తారు. రిటర్ను వేసేటప్పుడు అది మీ పన్నులో సర్దుబాటవుతుంది.

కారు కొనడానికి ఇక్కడి లైసెన్సు అవసరం లేదు, నడపడానికి కావాలి. అమెరికాలో తీసుకునే అంతర్జాతీయ పర్మిట్ ఏడాదికే. వచ్చిన వెంటనే లెర్నర్స్ తీసుకుని నెల తర్వాత పరీక్షకు వెళ్లండి. విదేశీ లైసెన్సు ఉన్నవాళ్లకు పరీక్ష మినహాయించే వీలు 9వ సెక్షన్‌లో ఉంది, కానీ నన్ను నడిపి చూపించమన్నారు, చూపించాను. నిజానికి అది మంచిదే అనిపించింది. కుడివైపు స్టీరింగు నాకు అలవాటే, మీకు మాత్రం కొత్త. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి నేరుగా వెళ్లే కన్నా డ్రైవింగ్ స్కూల్‌లో కొన్నాళ్లు నడిపి చూడండి.

అక్కడి కారునే ఓడలో తెచ్చుకోవచ్చా అని కూడా అడిగారు. కుదరదు. వాడిన కారు దిగుమతి చేయాలంటే అది మూడేళ్ల లోపుదై ఉండాలి, స్టీరింగు కుడివైపు ఉండాలి, ముంబయి రేవులోనే దిగాలి. మీది ఎడమవైపు స్టీరింగు.

తిరిగి వెళ్లేటప్పుడు జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. బండి అమ్మి, డబ్బు తీసుకుని, ఫారాల మీద సంతకాలు పెట్టి విమానం ఎక్కేస్తే సరిపోదు, పైన చెప్పిన తీర్పు అప్పుడు మీకు వర్తిస్తుంది. అప్పు ఉంటే బ్యాంకు నుంచి ఫారం 35 తీసుకుని హైపోథికేషన్ (ఆర్‌సీలో ఉండే అప్పు నమోదు) తీయించండి. ప్రయాణానికి కనీసం రెండు నెలల ముందు అమ్మకానికి పెట్టండి. రవాణా శాఖ వెబ్‌సైటు పరివాహన్ పోర్టల్‌లో కొన్నవాళ్ల పేరు కనిపించేదాకా ఇక్కడే ఉండి వెంటపడండి. ఏజెంటు చేయించేస్తానన్నా సరే.