ఆ నల్ల ముద్ద కింద ఉన్నది ఒక లక్ష ఓమ్‌ల రెసిస్టర్

"ఒకే మనిషి చేత్తో కట్టిన అరుదైన గిటార్ ట్యూబ్ యాంప్ నా దగ్గర ఉంది. స్కీమాటిక్ (సర్క్యూట్ పటం) లేదు. సర్వీస్‌కి ఇచ్చి లోపల పార్టులు మార్పిస్తే టోన్ పోతుందా? విలువ పడిపోతుందా?" అని ఒకరు అడిగారు.

టోన్ పోదు. విలువ సంగతి చివర్లో చెబుతాను.

నాదీ అలాంటి యాంపే, వాక్యూమ్ ట్యూబులతో నడిచేది. స్పీకర్‌ని నడిపే రెండు 6ఎల్6 పవర్ ట్యూబులు, వాటికి ముందు ప్రీయాంప్‌లో మూడు చిన్న 12ఏఎక్స్7 ట్యూబులు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఆరు నెలలు హాయిగా మోగింది. ఆ తర్వాత ఆన్ చేసిన ఇరవై నిమిషాలకల్లా చిటపట మొదలయ్యేది. గిటార్ కేబుల్ పీకేసినా ఆగదు, వాల్యూమ్ సున్నాకి తిప్పినా ఆగదు. ట్యూబులన్నీ మార్చి చూశాను, అదే గోల. అదంతా వివరంగా రాసి, కట్టినాయనకు మెయిల్ పెట్టాను. మూడు వారాలకు ఒక్క లైను వచ్చింది: "ట్యూబులు మార్చి చూడండి."

ఇక లాభం లేదని నేనే ఛాసిస్ (సర్క్యూట్ ఉండే లోహపు పెట్టె) బయటికి తీశాను. బోర్డు మీద సగం పార్టులు కనిపించవు. ప్రీయాంప్ మొత్తం మీద నల్లటి ఎపాక్సీ జిగురు పోసి ఉంది. దీన్నే గూప్ అంటారు. సర్క్యూట్‌ని ఎవరూ కాపీ కొట్టకుండా అమెరికాలో యాంపులు కట్టిన అలెగ్జాండర్ డంబుల్ తన యాంపుల్లో పోసేవాడు. ఆయన 2022లో పోయాడు, యాంపుల ధరలు మాత్రం ఆకాశంలోనే ఉన్నాయి. ఆ పేరు చూసి, ఆ చెవి లేనివాళ్లు కూడా ఎపాక్సీ డబ్బా పట్టుకుని బయల్దేరారు. ట్రెయిన్‌రెక్ యాంపులు కట్టిన కెన్ ఫిషర్‌ని చూడండి, సీరియల్ నంబరుకు బదులు ఒక్కో యాంప్‌కి ఒక్కో ఆడపిల్ల పేరు పెట్టేవాడు. గుర్తుండిపోవాలంటే అలాంటి ముచ్చట ఏదైనా చెయ్యొచ్చు కదా.

లోపల చెయ్యి పెట్టేముందు మీటర్ పెట్టాను, బతికిపోయాను. యాంప్ ఆపేటప్పుడు అలవాటుగా ముందు స్టాండ్‌బై (ట్యూబులకు హై వోల్టేజి ఆపే స్విచ్), తర్వాత పవర్ ఆపాను. ప్లగ్ తీసి పది నిమిషాలైంది. అయినా చార్జ్ నిల్వ ఉంచే మొదటి ఫిల్టర్ కెపాసిటర్ మీద 340 వోల్టులు! స్టాండ్‌బై ముందే ఆపేస్తే అందులోని చార్జ్ ట్యూబుల గుండా దిగిపోయే దారి మూసుకుపోతుంది. అందుకే కెపాసిటర్‌కి అడ్డంగా బ్లీడర్ రెసిస్టర్ ఒకటి పెడతారు. నా యాంప్ కట్టినాయన పెట్టలేదు. అంత ఎపాక్సీ కొన్న మనిషికి ఒక్క రెసిస్టర్ బరువైంది! 10 కిలో ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్‌కి ఇన్సులేటెడ్ క్లిప్పులు తగిలించి చార్జ్ దింపాను, మీటర్ 5 వోల్టుల లోపు చూపించాకే పని మొదలుపెట్టాను. స్క్రూడ్రైవర్ పెట్టి ఠప్పుమనిపించే వీరులున్నారు, వాళ్ల దగ్గరికి మీ యాంప్ తీసుకెళ్లకండి.

చిటపట ఎక్కడిదో పట్టుకోవడం పెద్ద విద్యేం కాదు. యాంప్ మళ్లీ ఆన్ చేసి మొదటి ట్యూబ్ పీకితే శబ్దం అలాగే ఉంది. రెండోది పీకితే ఆగిపోయింది. అంటే గొడవ రెండో ట్యూబ్ దగ్గరే. మీటర్ నల్ల తీగను ఛాసిస్‌కి క్లిప్ చేసి, ఒక చెయ్యి వెనక్కి కట్టుకుని, రెండో ట్యూబ్ ప్లేట్ పిన్ను (సిగ్నల్ బయటికి వచ్చే కాలు) దగ్గర వోల్టేజి చూశాను. మొదట 190. వేడెక్కాక అంకెలు ఊగడం మొదలైంది: 186, 178, 189, 175. స్పీకర్‌లో చిట్‌మన్న ప్రతిసారీ మీటర్లో అంకె ఎగిరిపడేది. అంటే ఆ ప్లేట్‌కి కరెంట్ ఇచ్చే రెసిస్టర్ చచ్చిపోతోంది. అది ఎక్కడుంది? ఎపాక్సీ కింద.

రెండు సాయంత్రాలు పట్టింది. హాట్ ఎయిర్ గన్‌తో వేడి చేస్తే గూప్ గట్టి మైనంలా మెత్తబడుతుంది, అప్పుడు వెదురు పుల్లతో గోకాలి. లోహంతో గోకితే పార్టులు తెగుతాయి. కిటికీలన్నీ తీసి పెట్టుకోండి, ఆ వాసనకు తల తిరుగుతుంది. ఒక్కో ముక్క ఊడుతుంటే నాకు లోపల టెన్షన్: కింద ఏ బ్రహ్మపదార్థం ఉందో, దాన్ని నేనే పాడుచేస్తున్నానేమో అని.

గోధుమ, నలుపు, పసుపు గీతలున్న చిన్న కార్బన్ కాంపోజిషన్ రెసిస్టర్ బయటపడింది. లక్ష ఓమ్‌లు. పక్కన ట్యూబ్ మరో కాలు కేథోడ్‌కి 1500 ఓమ్‌లు, దానికి తోడు 25 మైక్రోఫారడ్ల కెపాసిటర్. అంతే! ఫెండర్ కంపెనీ 1950ల ట్వీడ్ యాంపుల్లో ఉన్న విలువలే ఇవి. సిగ్గుపడాల్సిందేమీ లేదు, మార్షల్ కంపెనీ మొదటి యాంప్ జేటీఎం45 కూడా ఫెండర్ బాస్‌మన్ యాంప్ సర్క్యూట్ చూసి కట్టిందే. కానీ వాళ్లు దాని మీద తారు పోయలేదు.

ఆ రెసిస్టర్ విప్పి కొలిస్తే 1,27,000 ఓమ్‌లు చూపించింది. కార్బన్ కాంపోజిషన్‌వి వేడికీ, వయసుకీ విలువ పెరుగుతాయి, శబ్దం చేస్తాయి. ఇక్కడ వేడి బయటికి పోకుండా ఎపాక్సీ కప్పేసి చంపిందని నా గట్టి నమ్మకం. ఆ రెసిస్టర్‌లో ఖర్చయ్యేది ఎనిమిదో వంతు వాటే, అంతకు ఏమీ కాదని లెక్క చూపించి వాదించేవాళ్లున్నారు, వాళ్లను రెండు సాయంత్రాలు గోకమనండి. మెటల్ ఫిల్మ్ రెసిస్టర్ వేశాను. చిటపట పోయింది. టోన్‌లో తేడా? నాకు వినిపించలేదు, నాతో వాయించే ఇద్దరికీ వినిపించలేదు.

టోన్ మారేది అదే విలువున్న పార్టు వేస్తే కాదు, వైర్లు కదిలిస్తే. గ్రిడ్ (సిగ్నల్ లోపలికి వెళ్లే కాలు) వైరు, ప్లేట్ వైరు దగ్గరగా వస్తే ఈల వేస్తుంది, హమ్ పెరుగుతుంది. కాబట్టి విప్పగానే నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయించండి. ఫిల్టర్ కెపాసిటర్లు పదిహేను, ఇరవై ఏళ్లవైతే మార్చేయండి, అవి ఎండిపోయే సరుకు. బయాస్, అంటే వాయించనప్పుడు కూడా పవర్ ట్యూబుల్లో పారే కరెంట్, చూపించండి. నాకంటే ముందు దీన్ని చూసిన మెకానిక్ ఎవరో 450 వోల్టుల దగ్గర ట్యూబ్‌కి 60 మిల్లీయాంప్‌లు పెట్టి వదిలాడు. అంటే 27 వాట్లు. 6ఎల్6జీసీ (6ఎల్6లో ఒక రకం) హద్దు 30, మరీ అంచున ఉంది. నేను 46కి దించాను, 21 వాట్ల లోపే. స్కీమాటిక్ లేదని బెంగపడకండి, గూప్ పోయాక పెన్సిల్‌తో గీసుకోవడానికి నాకు ఒక్క సాయంత్రం చాలింది.

ఇక విలువ. మొన్న ఒకాయన కొంటానని వచ్చాడు. అరగంట వాయించాడు, ముఖం వెలిగిపోయింది. తర్వాత ఛాసిస్ విప్పి చూపించమన్నాడు. టార్చ్ వేసి చూసి, "అయ్యో, గూప్ తీసేశారా?" అన్నాడు. ధరలో నాలుగో వంతు తగ్గించమన్నాడు. ఊడిన ముక్కలు, పాత రెసిస్టర్ ఒక కవర్లో దాచాను, అవీ ఇస్తానన్నాను. కవర్ చేతిలో పట్టుకుని కాసేపు ఆలోచించి, "మళ్లీ పోయించడానికి కుదురుతుందంటారా?" అని అడిగాడు.

యాంప్ నా దగ్గరే ఉంది.