కస్టమర్ షేరు పడితే సప్లయర్ షేరు ఎప్పుడు పడుతుంది?

ప్రశ్న: కరకంబాడిలో అమరరాజా బ్యాటరీలు, సత్యవేడు వైపు హీరో బైకులు తయారవుతాయి కదా. బైకుల అమ్మకాలు తగ్గాయని వార్త రాగానే బ్యాటరీ షేరు అమ్మేయాలా? ఇలాంటి లింకులతో లాభం తీయొచ్చా?
– ఒక పాఠకుడు, రేణిగుంట

జవాబు: బ్యాటరీ షేరు విషయంలో తొందరపడకండి. తిరుచానూరు రోడ్డులో ఏ బ్యాటరీ షాపు ముందైనా కాసేపు నిలబడండి. పాతది ఇచ్చి, తేడా డబ్బు కట్టి కొత్తది బిగించుకునేవాళ్లే కనిపిస్తారు. కొత్త బళ్లు అమ్ముడుపోకపోయినా పాత బ్యాటరీ చచ్చిపోక మానదు. అక్కడ మీరు చూడాల్సింది బ్యాటరీకి ముఖ్య ముడిసరుకైన సీసం ధర.

లింకు గట్టిగా పనిచేసేది ఒకరిద్దరు కస్టమర్ల మీద బతికే చిన్న కంపెనీల్లో. అమెరికా షేర్ల మీద కోహెన్, ఫ్రజీని అనే ఆర్థికవేత్తలు 2008లో ప్రచురించిన పరిశోధన ఇదే తేల్చింది. కస్టమర్ల షేర్లు పెరిగిన సప్లయర్లను కొని, పడినవాళ్లవి అమ్మితే నెలకు 1.5 శాతానికి పైగా అదనపు రాబడి వచ్చింది. పెద్ద కంపెనీ వార్త అందరూ చదువుతారు. దానికి సరుకు ఎవరిస్తున్నారో వెతికేవాళ్లు తక్కువ. ఆ ఆలస్యమే లాభం.

మన దగ్గర చిక్కు కస్టమర్ల పేర్ల దగ్గరే. ఆదాయంలో 10 శాతం, ఆపైన ఒకే కస్టమర్ నుంచి వస్తే కంపెనీ వార్షిక నివేదికలోని సెగ్మెంట్ నోట్‌లో (వ్యాపార విభాగాల వివరాలుండే చోట) ఆ మొత్తం చెప్పాలి. ఇండ్ ఏఎస్ 108 అనే అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం పేరు చెప్పనక్కర్లేదు. పేరు కోసం కంపెనీల అప్పు తీర్చే సత్తాను అంచనా వేసే క్రిసిల్, ఇక్రా లాంటి సంస్థల రేటింగ్ నోట్‌లు, కంపెనీ ఈమధ్యే లిస్టయితే ఐపీవో ప్రాస్పెక్టస్ (మొదటిసారి షేర్లు అమ్మేటప్పుడు ఇచ్చిన వివరాల పత్రం) తిరగేయండి.

తర్వాత లెక్క. కస్టమర్ షేరు నెలలో 12 శాతం పడింది, ఆటో కంపెనీల షేర్ల ఇండెక్స్ నిఫ్టీ ఆటో 4 శాతం పడింది అనుకుందాం. కస్టమర్ సొంత దెబ్బ 8 శాతం. సప్లయర్ ఆదాయంలో ఆ కస్టమర్ వాటా 40 శాతమైతే మోటుగా 3 శాతం దెబ్బ రావాలి. షేరు ఇండెక్స్ కంటే అంత ఎక్కువ ఇప్పటికే పడిపోయి ఉంటే, ఇక మీకు మిగిలిందేం లేదు.

1వ తేదీన వచ్చే బండ్ల లెక్కల్లోనూ ఒక మెలిక ఉంది. చాలా కంపెనీలు చెప్పేది డీలర్లకు పంపిన బండ్లు, జనం కొన్నవి కాదు. ప్రభుత్వ పోర్టల్ వాహన్‌లో కనిపించే రిజిస్ట్రేషన్లతో పోల్చండి. షోరూముల్లో బళ్లు పేరుకుపోతుంటే కంపెనీ ఉత్పత్తి తగ్గిస్తుంది, విడిభాగాల ఆర్డర్లకు కోత అప్పుడు పడుతుంది.

ఖర్చులూ చూసుకోండి. డెలివరీకి కొన్నప్పుడు 0.1, అమ్మినప్పుడు 0.1 శాతం ఎస్టీటీ (షేర్ల లావాదేవీల పన్ను). ఏడాదిలోపు అమ్మితే లాభంపై 20 శాతం పన్ను. లావాదేవీలు పలచగా ఉండే చిన్న షేర్లలో కొనే ధరకీ అమ్మే ధరకీ మధ్య తేడాయే సగం లాభం మింగేస్తుంది. పైగా చేతిలో లేని షేరును ముందు అమ్మి, మర్నాటిదాకా ఆ పొజిషన్ ఉంచుకోవడం మామూలు మదుపరికి దాదాపు ఫ్యూచర్స్‌లోనే (ముందు తేదీకి ధర ఇప్పుడే ఖాయం చేసుకునే ఒప్పందాల్లో) కుదురుతుంది. మీరు వెతికే చిన్న సప్లయర్లలో చాలామందికి ఫ్యూచర్స్ ఉండవు. కాబట్టి ఆ పరిశోధనలో సగమే మీకు పనికొస్తుంది: మంచి వార్తకు కొనడం, చెడు వార్తకు చేతిలో ఉన్నది వదిలించుకోవడం.