గడ్డిచేప గాలానికి పడాలంటే ఏ ఎర వాడాలి?
వానపాము గుచ్చితే గడ్డిచేప పడదా అని అడిగారు. ఒక్కోసారి పడుతుంది గానీ, దాని అసలు తిండి గడ్డీ, నీటి మొక్కలే. అందుకే గట్టు మీది గడ్డి నీళ్లలోకి వంగిన చోటు చూసుకోండి. నదిలో అయితే వడి తగ్గిన మడుగు. నాలుగైదు లేత గడ్డిపోచలు మడిచి గాలానికి దారంతో కట్టండి, లేదా ఉడికించిన మొక్కజొన్న గింజలు రెండు గుచ్చండి. ముందుగా అక్కడే గుప్పెడు గింజలు చల్లితే ఇంకా మంచిది. నీరు వెచ్చగా ఉన్న రోజుల్లో బాగా మేస్తుంది. అడుగుల చప్పుడైతే చాలు, బెదిరిపోతుంది.

బెండు కదలగానే గుంజకండి, మునిగి పక్కకు లాక్కుపోతుంటే అప్పుడు ఎత్తండి. ఒడ్డు దాకా మెత్తగా వస్తుంది, అలసిపోయిందనుకుంటాం. సరిగ్గా అప్పుడే ఒక్క ఊపున దూసుకుపోయి దారం తెంపేస్తుంది. టెన్షన్ పడి బిగించకుండా దారం వదలండి.