వాట్ల సంగతి తర్వాత, ముందు ప్లగ్గు చూడండి

ప్రశ్న: "తిరుపతిలో మిద్దె మీద పది బై పది గదిలో అద్దెకు ఉంటున్నాను. ల్యాప్‌టాప్‌లో కచేరీలు, అన్నమయ్య కీర్తనలు వింటాను. ఇప్పుడున్న చిన్న స్పీకర్లు ఛార్జర్ పెట్టగానే గుయ్యిమంటాయి. పదివేలు అటూ ఇటూగా, ఎక్కువ వాట్లుండే చిన్న స్పీకర్లు ఏవి తీసుకోవాలి?"

కొత్తవి కొన్నా ఆ మోత పోదు. ఛార్జర్ పెడితే వచ్చి, తీస్తే పోయే మోత స్పీకరుది కాదు, మీ గది కరెంటుది. మంచి స్పీకరు పాటను ఎంత శుభ్రంగా వినిపిస్తుందో ఆ మోతనూ అంత శుభ్రంగానే వినిపిస్తుంది. అందుకే మోడళ్ల పేర్లు తర్వాత చెబుతాను.

రాత్రి వీధి సద్దుమణిగాక అరగంట పెట్టుకోండి. పాట ఆపేసి, స్పీకరు నాబ్ సగానికి తిప్పండి. ల్యాప్‌టాప్ నుంచి ఆడియో పిన్ను తీసి, ఛార్జింగ్‌లో లేని ఫోనుకు పెట్టండి. ఫోనుతో కూడా మందంగా 'మ్‌మ్' అని వస్తుంటే అప్పుడు మాత్రమే తప్పు స్పీకరుది. లోపల రెక్టిఫైయర్ (ఏసీ కరెంటును డీసీగా మార్చే భాగం) తర్వాత ఉండే పెద్ద ఫిల్టర్ కెపాసిటర్ ఎండిపోయి ఉంటుంది. ఆ మోత 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. విప్పి చూస్తే కెపాసిటర్ నెత్తి ఉబ్బి కనబడుతుంది. అంతే మైక్రోఫారడ్లు, అంతే లేదా అంతకంటే ఎక్కువ ఓల్టేజీ ఉన్నది తెచ్చి, ప్లస్సు మైనస్సు తారుమారు కాకుండా అతికించాలి. మన ఎండల్లో కిటికీ పక్కన పెట్టిన స్పీకర్లకు ఈ జబ్బు తొందరగా వస్తుంది.

ఫోనుతో నిశ్శబ్దంగా ఉంటే తప్పు ల్యాప్‌టాప్ వైపుది. పిన్ను మళ్లీ ల్యాప్‌టాప్‌కు పెట్టి, ఛార్జర్ కూడా పెట్టండి. మోత మొదలవుతుంది. ఇప్పుడు ల్యాప్‌టాప్ మీద ఇనుప భాగం ఎక్కడైనా ఉంటే, స్క్రూ అయినా సరే, వేలి వెనక వైపుతో మెల్లగా రాయండి. జుమ్మని సన్నగా జలదరించినట్టుందా? చెయ్యి పెట్టగానే మోత స్వరం మారుతోందా? ఛార్జరు మూడు పిన్నులదై ఉండి కూడా ఇలా అయితే మీ సాకెట్లో మూడో రంధ్రం వెనక ఎర్తు లేదు. ఛార్జర్ లోపల కరెంటు వైపుకూ ల్యాప్‌టాప్ వైపుకూ మధ్య చిన్న కెపాసిటర్లు పెడతారు, రేడియో అలజడి బయటికి పోకుండా. వాటి గుండా జారే కొద్దిపాటి కరెంటు ఎర్తులోకి పోవాలి. ఎర్తు లేకపోతే అది ల్యాప్‌టాప్ ఒంటి మీదే నిలిచి, ఆడియో వైరు లోహపు పైతొడుగు పట్టుకుని స్పీకర్లోకి దిగుతుంది. మీరు వింటున్న గుయ్యి అదే. ఆ కరెంటు ఒక మిల్లీ ఆంపియరులో కొంత భాగమే కాబట్టి ప్రాణానికి ముప్పు లేదు. కానీ ఎర్తు లేని గదిలో గీజరో కూలరో లీకైతే ప్రాణానికే ముప్పు.

జలదరింపు ఏమీ లేదు, మోత మాత్రం ఉందంటే కథ వేరు. ఎర్తు ఉంది, అదే రెండు దారుల్లో ఉంది. ల్యాప్‌టాప్ మూడు పిన్నుల ఛార్జర్ ఒక సాకెట్లో, స్పీకరు మూడు పిన్నుల ప్లగ్గు ఇంకో సాకెట్లో ఉంటే, రెండు ఎర్తులనూ ఆడియో వైరు కలిపి ఒక చుట్టు చేస్తుంది. ఆ చుట్టులో తిరిగే కరెంటే మోత. దీనికి మందు తేలిక. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పక్కపక్కన పెట్టండి. చాలాసార్లు అంతటితో సర్దుకుంటుంది. సర్దుకోకపోతే 'గ్రౌండ్ లూప్ ఐసొలేటర్' అనే చిన్న డబ్బాను ఆడియో వైరు మధ్యలో పెట్టండి. దాని లోపల రెండు చిట్టి ట్రాన్స్‌ఫార్మర్లు తప్ప ఇంకేమీ ఉండదు. చవక రకంలో ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఇనుము తక్కువ కాబట్టి శబ్దం గట్టిగా పంపితే మంద్రం పలచబడుతుంది. అది పెట్టినప్పుడు ల్యాప్‌టాప్ వాల్యూమ్ 70 దగ్గర ఆపి, మిగతాది స్పీకరు నాబ్‌తో పెంచుకోండి. ఐసొలేటర్ లేనప్పుడు మాత్రం దీనికి తిరగేసి చేయాలి: ల్యాప్‌టాప్ 90కి పైన, స్పీకరు నాబ్ తక్కువలో. అప్పుడే స్పీకరు సొంత బుస వినబడదు.

ఈ మోత పోవడానికి ప్లగ్గు ఎర్తు పిన్నును కోసేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. దయచేసి ఆ పని చేయకండి. మోత పోతుంది, దాంతోపాటు మీ రక్షణా పోతుంది.

ఎర్తు లేదని తేలితే ఇంటి ఓనరుతో మాట్లాడి కరెంటు పనాయన్ని పిలిపించండి. ఆయన మల్టీమీటరు ఏసీ రేంజిలో పెట్టి ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య చూస్తే 230 అటూ ఇటూ రావాలి, ఫేజుకూ ఎర్తుకూ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. ఎర్తు దగ్గర సగమో, నిలకడ లేని అంకెలో కనబడితే వైరు లేనట్టే. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య రెండు మూడు ఓల్టులు ఉండటం మామూలే. అచ్చంగా సున్నా వస్తే సాకెట్ విప్పించి చూడండి. కొన్ని ఇళ్లల్లో పని తొందరగా ముగించడానికి న్యూట్రల్‌నే ఎర్తు పిన్నుకు ముడేసి పోతారు. ఎప్పుడో న్యూట్రల్ తెగితే ల్యాప్‌టాప్ ఒళ్లంతా ఫేజే. అద్దె వసూలు చేసే ఓనర్లకు గోడల రంగు మీదున్న శ్రద్ధ ఈ మూడో రంధ్రం మీద ఉండదు, అదే నా బాధ. ఎర్తు గుంత ఉన్న ఇంట్లో కూడా ఏప్రిల్, మే నెలల్లో దాన్ని ఎవరూ పట్టించుకోరు. మన వైపు నేల రాతి నేల, ఎండాకాలం ఎండిపోతే ఎర్తు సరిగా పట్టదు. బొగ్గూ ఉప్పూ వేసిన గుంత అయితే వారానికి రెండు బిందెలు నీళ్లు పోయండి.

ఇక వాట్లు. వాట్ల సంఖ్య చూసి స్పీకరు కొనడం అంటే బండి కొనేటప్పుడు స్పీడోమీటరులో చివరి అంకె చూసి కొనడమే. చిన్న స్పీకరు ఒక్క వాటుకు ఒక మీటరు దూరంలో 85 డెసిబెల్ అటూ ఇటూ ఇస్తుంది. మీరు కూర్చునేది 70 సెంటీమీటర్ల దూరంలో, అంటే ఇంకో 3 కలుస్తుంది. రెండు స్పీకర్లు కాబట్టి ఇంకో 3. ఒక్కో వాటుకే 90 దాటింది! రోజూ వినడానికి 70, 75 చాలు. వారానికి 40 గంటలు వినేవాళ్లకు 80 డెసిబెల్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. డబ్బా మీద వేలల్లో 'పీఎంపీఓ' అని రాసి ఉంటే ఆ డబ్బాను అక్కడే పెట్టేసి రండి. ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇవ్వగలిగే శక్తి) అని రాసిన అంకె ఒక్కటే లెక్క.

కాళ్ల దగ్గర బేస్ డబ్బా, బల్ల మీద అరచేతంత రెండు స్పీకర్లు ఉండే రకం కచేరీలకు పనికిరాదు. ఇది గట్టిగా చెబుతున్నాను. ఆ చిట్టి స్పీకర్లు 150, 200 హెర్ట్జ్ కిందికి దిగలేవు కాబట్టి అక్కడి నుంచి కింద ఉన్నదంతా డబ్బాకు పంపుతారు. ఒకటి శ్రుతిలో పాడే మగ గాయకుడి షడ్జమం 131 హెర్ట్జ్, మంద్ర పంచమం 98. పైస్థాయిలో గొంతు బల్ల మీద ఉంటుంది, షడ్జమానికి దిగగానే బల్ల కింద కాళ్ల దగ్గరికి పోతుంది. ఒకే మనిషి గొంతు రెండు ముక్కలవుతుంది. ఐదు శ్రుతిలో పాడేవాళ్ల షడ్జమం 196 కాబట్టి వాళ్ల గొంతు కాస్త నయం, కానీ మృదంగం ఎడమ వైపు మాత్రం మొద్దుగా బడబడమంటుంది. మూడున్నర, నాలుగు అంగుళాల ఊఫరు (మంద్రం పలికేది), విడిగా ట్వీటరు (సన్నని స్వరాలు పలికేది) ఉన్న జత తీసుకోండి. అవి మరీ కిందికి దిగకపోయినా తంబురా మంద్ర తీగ చెవికి తెలుస్తూనే ఉంటుంది, ఎందుకంటే దాంతోపాటే సన్నగా మోగే పై స్వరాల నుంచి చెవి ఆ స్వరాన్ని కట్టుకుంటుంది.

పేర్లు అడిగారు కాబట్టి: ఎడిఫైయర్ ఆర్1280టీ, 4 అంగుళాల ఊఫరు, రెండూ కలిపి 42 వాట్లు. గాలి రంధ్రం ముందు వైపు ఉంది కాబట్టి గోడకు ఆనించిన బల్ల మీద ఇది మేలు. ప్రీసోనస్ ఎరిస్ 3.5 ఇంకొకటి, వెనక మంద్రం, తారం తగ్గించే నాబ్‌లు, బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ (వైరులో చొరబడే మోతను తగ్గించే రకం) ఉంటాయి. కానీ రంధ్రం వెనక ఉంది, గోడకు కనీసం 10 సెంటీమీటర్లు జాగా వదలాలి. రెండు రకాల్లోనూ ఆంప్లిఫైయరు ఒక డబ్బాలోనే ఉండి, రెండో దానికి ఉత్త రెండు తీగల వైరు పోతుంది. ఆ తీగలు తారుమారైతే గొంతు మధ్యలో నిలవదు, బోలుగా అయిపోతుంది, మంద్రం మాయమవుతుంది. ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు చూసుకోండి.

తెచ్చాక బల్ల మీద పడేసి వినకండి. రెండింటి మధ్య 70 సెంటీమీటర్లు, ఒక్కోదానికీ మీ తలకూ మధ్య అంతే. ముఖాలు మీ వైపు తిప్పండి. బల్ల ఎత్తు 75 సెంటీమీటర్లు ఉంటే కూర్చున్న మనిషి చెవి బల్లకు 40, 45 పైన ఉంటుంది. ట్వీటరు 20 దగ్గరే. అందుకే గొంతు బల్లకు కొట్టుకుని మసకగా వస్తుంది. ఒక్కో స్పీకరు కింద వరుసకు రెండేసి చొప్పున రెండు వరుసల ఇటుకలు పడుకోబెట్టి పేరిస్తే 15 సెంటీమీటర్లు లేస్తుంది. పైన పాత సైకిల్ ట్యూబు ముక్కలు నాలుగు పరిచి, ముందు అంచు కింద ఇంకో మడత ఎక్కువ పెడితే డబ్బా కొంచెం పైకి చూస్తుంది. ఖరీదైన స్టాండ్ల అవసరం లేదు. బల్ల సన్న ప్లైవుడ్‌ది అయితే మాత్రం ఎనిమిది ఇటుకల బరువు కాస్తుందో లేదో చూసుకోండి.

పది బై పది గది శబ్దానికి చెడ్డ కొలత. రెండు వైపులా ఒకటే పొడవు కాబట్టి 56 హెర్ట్జ్ దగ్గర రెండు జతల గోడలూ కలిసి మోగుతాయి. పైకప్పూ పది అడుగులే అయితే మూడు. గది నట్టనడుమ కూర్చోకండి, బల్లను ఒక గోడకు జరపండి. చప్పట్లు కొట్టి చూడండి, 'ట్రింగ్' అని మోగితే ఎదురుగోడకు మందపాటి దుప్పటి వేలాడదీయండి. దూది పరుపు గోడకు నిలబెట్టినా పని జరుగుతుంది.

విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్‌లోకి పోయి మీ స్పీకరు మీద నొక్కి 'ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్' ఆఫ్ చేయండి. ల్యాప్‌టాపు చిట్టి స్పీకర్ల కోసం పెట్టిన ఆ హంగులు బయటి స్పీకర్లలో గొంతుకు లేని గుహ కట్టిపెడతాయి. పాత రికార్డింగులకు ప్రతిధ్వని కలిపి యూట్యూబ్‌లో ఎక్కించేవాళ్లు ఎలాగూ ఉన్నారు, దాని మీద ఇది ఇంకొకటి ఎందుకు?

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద మాత్రమే మోత వస్తుంటే, అది స్క్వేర్ వేవ్ రకమై ఉంటుంది, అంటే కరెంటు అలను నున్నగా కాక చదరంగా ఇచ్చేది. లోపల బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న స్పీకర్లు దాని మీద గురకపెడతాయి, వేడెక్కుతాయి కూడా. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఆ ఇబ్బంది రాదు. అంతవరకూ ఆ గంట సేపు స్పీకరు ప్లగ్గు తీసేసి ఇయర్‌ఫోన్లతో వినండి.