చిన్న చిన్న సాయాలతో, ఎవరి భక్తి వాళ్లదిగా ఉంటే నిజంగా శాంతి వస్తుందా?

వస్తుంది. ప్రసంగాలతో అయితే రాదు. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రోజూ తెల్లారేసరికి "సర్వేజనా సుఖినోభవంతు" అని పువ్వుల బొమ్మ పెట్టే పెద్దమనిషే, పక్కవాడి స్కూటర్ గీత దాటిందని వాచ్‌మన్‌ని పట్టుకుని నానా మాటలూ అంటాడు.

నేను నెల్లూరు నుంచి చెన్నై వచ్చిన కొత్తల్లో ట్రిప్లికేన్‌లో ఒక మాన్షన్‌లో, అంటే బ్యాచిలర్ల లాడ్జిలో, ఉండేవాణ్ణి. కింద వాచీలు బాగుచేసే భాయ్ కొట్టు. రంజాన్ నెలలో ఒక సాయంత్రం షట్టర్ సగం దించి, "గదిలో ఒక్కడివే ఏం చేస్తావ్, రా తంబీ" అంటూ పెద్ద మసీదుకు బయల్దేరదీశాడు.

"నేను ఉపవాసం లేను భాయ్."

"ఆకలుందా లేదా? అది చెప్పు."

ఆ వాలాజా మసీదు 1795లో ఆర్కాట్ నవాబుల కుటుంబం కట్టించింది. లోపల రాతి మీద చెక్కిన పారసీ పద్యం రాసింది నవాబు దగ్గర మున్షీగా ఉన్న రాజా మఖన్‌లాల్ అనే హిందువు. ఇదంతా తర్వాత తెలిసింది. ఆ రోజు నా దృష్టంతా వడ్డనలోకి వచ్చే బకెట్ల మీదే. తెల్ల టోపీలు పెట్టుకున్నవాళ్లు వరసగా వడ్డించుకుంటూ వస్తున్నారు. అంతా శాకాహారమే. ఒకాయన నా ముందు వంగి అన్నం వేసి, చాలు చాలంటున్నా వినకుండా ఇంకో గరిటె వేసి, నా మొహమైనా చూడకుండా ముందుకెళ్లిపోయాడు. అచ్చం పెళ్లి పంక్తిలో మేనమామ వడ్డించినట్టే.

"వీళ్లు మావాళ్లనుకున్నావా? మైలాపూర్ సింధీలు," అన్నాడు భాయ్.

దేశ విభజనప్పుడు సింధ్ నుంచి శరణార్థిగా వచ్చిన దాదా రతన్‌చంద్ స్థాపించిన సూఫీదార్ మందిరం వాళ్లట. నలభై ఏళ్లకు పైగా ప్రతి రంజాన్‌కీ అక్కడ వండి ఇక్కడికి తెచ్చి వడ్డిస్తున్నారు. పుట్టిన ఊరు వదిలి రావలసి వచ్చినవాడు పగ పడితే ఎవరూ తప్పుపట్టరు. ఆయన గరిటె పట్టాడు.

ఎండాకాలంలో పార్టీలవాళ్లు పెట్టే చలివేంద్రాలు కూడా చూస్తున్నాం కదా. కుండ కంటే నాయకుడి బొమ్మే పెద్దది. ప్రారంభం రోజు పుచ్చకాయ ముక్కలు, మజ్జిగ, ఫోటోలు. వారం తిరిగేసరికి గొలుసుకు కట్టిన గ్లాసొక్కటే మిగులుతుంది. మంచితనం ఒకరోజు ముచ్చట అయితే లాభం లేదు, విసుగొచ్చినా చేస్తుండాలి.

మా భాయ్‌కి విసుగు మహా ఎక్కువ. వైకుంఠ ఏకాదశికి పార్థసారథి గుడికి వచ్చే జనం ఆయన మెట్ల మీదే చెప్పులు వదిలేస్తారు. "ఇది చెప్పుల స్టాండా?" అని అరిచేవాడు. అరుస్తూనే ఒక పక్కకు జరిపి, పాత గోనెపట్టా కప్పి, అందరూ తిరిగొచ్చేదాకా కొట్టు కట్టేవాడు కాదు.

అక్కడ గొడవలే లేవని చెప్పను. వినాయకుడి ఊరేగింపు రోజున ఇప్పటికీ వీధి నిండా పోలీసులే. కానీ మిగతా రోజులన్నీ ఆ పేట ప్రశాంతంగా ఉందంటే అది లాఠీల వల్ల కాదు, ఇలాంటి భాయ్‌ల వల్లేనని నా గట్టి నమ్మకం. రుజువేదని అడక్కండి.

రంజాన్‌లో చూడాలనుకుంటే పొద్దు గూకడానికి అరగంట ముందే చేరుకోండి. ఆ తర్వాత ట్రిప్లికేన్ హై రోడ్డులో ఆటో అంగుళం కదలదు.