రైలు వేగం: ఉపగ్రహాల లెక్కను ఎంతవరకు నమ్మొచ్చు?

ప్రశ్న: కదిలే రైల్లో ఫోన్ స్పీడోమీటర్ యాప్ ఒక క్షణం 96 అంటుంది, మరుక్షణం 121, వెంటనే 104. రైలేమో ఒకే జోరున వెళ్తున్నట్టుంటుంది. జీపీఎస్ వేగం ఇంతేనా?

జవాబు: ఆ యాప్ వేగాన్ని ఎలా లెక్కగడుతోందన్న దాన్నిబట్టి ఉంటుంది. ఇందుకు రెండు పద్ధతులున్నాయి. సెకనుకోసారి మీరున్న చోటు గుర్తించి, రెండు చోట్ల మధ్య దూరాన్ని సమయంతో భాగించడం ఒకటి. ఈ పద్ధతిలో వరుసగా వచ్చే రెండు చోట్లూ ఎదురెదురు దిక్కులకు మూడేసి మీటర్లు తప్పితే చాలు, వేగంలో గంటకు 21 కిలోమీటర్లకు పైగా తేడా వస్తుంది. మీ యాప్ గంతులు చూస్తే ఇదే అనిపిస్తోంది.

రెండోది డాప్లర్ పద్ధతి. దగ్గరికొచ్చే రైలు కూత హెచ్చుగా, దాటిపోయాక తగ్గుగా వినిపించేది ఏ సూత్రం వల్లో ఇదీ అదే. జీపీఎస్ ఉపగ్రహాలు పంపే ఎల్1 అనే సిగ్నల్ పౌనఃపున్యం 1575.42 మెగాహెర్ట్జ్, తరంగదైర్ఘ్యం సుమారు 19 సెంటీమీటర్లు. ఉపగ్రహం దిశగా మీ వేగం సెకనుకు 1 మీటరు మారితే ఆ పౌనఃపున్యం 5 హెర్ట్జ్ పైచిలుకు జరుగుతుంది. ఫోన్‌లో ఆ సిగ్నల్‌ను అందుకునే రిసీవర్‌కు దాన్ని పసిగట్టడం కష్టం కాదు. ఉపగ్రహమే సెకనుకు 3.9 కిలోమీటర్లు పరుగెడుతుంది కదా అంటారేమో, దాని కక్ష్య వివరాలు సిగ్నల్‌తోనే వస్తాయి కాబట్టి ఆ వాటాను తీసేస్తారు. అసలు చిక్కు రిసీవర్‌లోని గడియారంతో. అది పది లక్షల్లో ఒక వంతు తప్పినా సెకనుకు 300 మీటర్ల వేగంగా కనబడుతుంది! అయితే ఆ తప్పు అన్ని ఉపగ్రహాల కొలతల్లోనూ ఒకేలా ఉంటుంది. అందుకే మూడు దిశల వేగాలతో పాటు దాన్నీ నాలుగో తెలియని రాశిగా పెట్టి సాధిస్తారు. దానికి కనీసం 4 ఉపగ్రహాలు కావాలి.

ఆకాశం బాగా కనిపిస్తూ, రైలు నిలకడగా నడుస్తుంటే డాప్లర్ వేగంలో తప్పు సాధారణంగా సెకనుకు 0.1 మీటరు, అంటే గంటకు 0.36 కిలోమీటరు, అటూ ఇటూగా ఉంటుంది.

ప్రశ్న: సొంతంగా వేగం లాగర్ (వేగాన్ని వరుసగా నమోదు చేసే పరికరం) తయారు చేస్తున్నాను. సెకనుకు 10 రీడింగులు తీసుకుంటే కచ్చితత్వం పెరుగుతుందా?

జవాబు: చోట్ల తేడాతో లెక్కిస్తే పెరగకపోగా చెడుతుంది. చోటు అర మీటరు ఊగినా, ఆ ఊగును 0.1 సెకనుతో భాగిస్తే గంటకు 18 కిలోమీటర్లు! రిసీవర్ ఇచ్చే వేగాన్నే నేరుగా తీసుకోండి. ఆండ్రాయిడ్‌లో అయితే ముందు ఆ రీడింగులో వేగం ఉందో లేదో చూసి, సెకనుకు మీటర్లలో వచ్చే అంకెను 3.6తో గుణించండి. ఆండ్రాయిడ్ 8 నుంచి ఆ వేగంలో తప్పు ఎంత ఉండొచ్చో కూడా అడిగి తెలుసుకోవచ్చు. దాన్ని తప్పకుండా లాగ్‌లో రాయండి, అది లేని అంకెతో వాదించలేం. ఐఫోన్‌లో వేగం రుణ సంఖ్యగా వస్తే ఆ రీడింగు చెల్లదు.

విడి జీపీఎస్ మాడ్యూల్ వాడితే, అది రీడింగులను ఎన్ఎంఈఏ అనే ప్రామాణిక రూపంలో పంపుతుంది. అందులో ఆర్ఎంసీ అనే వాక్యం వేగాన్ని నాట్లలో (గంటకు నాటికల్ మైళ్లలో) ఇస్తుంది, కిలోమీటర్లకు 1.852తో గుణించాలి. అక్షాంశం 2030.0000 అని వస్తే అది 20 డిగ్రీల 30 నిమిషాలు, అంటే 20.5 డిగ్రీలు. దాన్ని 20.30గా చదివితే 22 కిలోమీటర్ల దూరం తప్పుతారు. దశాంశ డిగ్రీలను నాలుగు స్థానాలకు కుదించి దాచినా నష్టమే. అక్కడ ఒక్కో మెట్టు 11 మీటర్లు, సెకనుకోసారి కొలిస్తే వేగం గంటకు 40 కిలోమీటర్ల చొప్పున దూకుతుంది. మాడ్యూల్‌లో చలన నమూనా (ఏ తరహా కదలికకు తగ్గట్టు లెక్కగట్టాలో చెప్పే అమరిక) ఎంచుకునే వీలుంటే నడకది కాకుండా వాహనాలది పెట్టండి.

ప్రశ్న: ఇంజన్ క్యాబ్‌లోని మీటరు 102 చూపితే జీపీఎస్ 100 చూపింది. ఏది తప్పు?

జవాబు: ముందు చక్రాన్ని అనుమానించండి. చాలా మీటర్లు చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కబెట్టి, దాన్ని చుట్టుకొలతతో గుణిస్తాయి. 1000 మిల్లీమీటర్ల వ్యాసమని నమోదు చేసిన చక్రం అరిగి 980కి వస్తే, నిజ వేగం 100 ఉన్నప్పుడు మీటరు 102 అంటుంది. ఈ తేడా అన్ని వేగాల దగ్గరా ఒకే శాతంలో ఉంటుంది: 50 దగ్గర 1, 100 దగ్గర 2. అలా కాకుండా వేగం అందుకునేటప్పుడు మాత్రమే మీటరు ఎక్కువ చూపితే చక్రం పట్టాల మీద జారుతూ ఉత్తినే తిరుగుతోందన్నమాట. బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుంటే మీటరు తక్కువ చూపుతుంది.

జీపీఎస్‌కూ ఒక లోపముంది. రీడింగులను నున్నగా చేసే ఫిల్టరు వల్ల అది వెనకబడుతుంది. సెకనుకు 1 మీటరు చొప్పున వేగం తగ్గుతుంటే ఒక్క సెకను ఆలస్యానికే గంటకు 3.6 కిలోమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి పోలికకు కనీసం ఒక నిమిషం పాటు వేగం మారని ముక్కనే తీసుకోండి. పట్టాల వంపుల గురించి, ఎగుడుదిగుళ్ల గురించి బెంగ అక్కర్లేదు. 1 శాతం ఎత్తు పల్లాల వల్ల వచ్చే తేడా 0.005 శాతమే.

ప్రశ్న: ఏసీ బోగీలో సిగ్నల్ అసలు నిలవడం లేదు. సొరంగంలో మాత్రం వేగం చూపిస్తూనే ఉంటుంది. ఇదేం వింత?

జవాబు: లోహపు పూత ఉన్న అద్దాలు సిగ్నల్‌ను బాగా బలహీనపరుస్తాయి. పైగా కిటికీలోంచి సగం ఆకాశమే కనబడుతుంది, పక్క గోడలకు తగిలి వచ్చిన సిగ్నల్ వేగాన్ని తప్పిస్తుంది. ఫోన్‌ను కిటికీ గట్టున అద్దానికి ఆనించి ఉంచండి. రైలు కదలకముందే ఉపగ్రహాలను పట్టుకోనివ్వండి, ఎందుకంటే ఒక్కో ఉపగ్రహం కక్ష్య వివరాలు అందడానికి దాదాపు 30 సెకన్లు పడుతుంది, మధ్యలో తెగితే మళ్లీ మొదలు. ఇక సొరంగంలో కనిపించేది కొలత కాదు, పాత అంకె లేదా అంచనా. బయటికొచ్చాక మొదటి కొన్ని సెకన్ల రీడింగులు కూడా లెక్కలోంచి తీసేయండి.

ప్రశ్న: ఆగిన రైల్లో కూడా గంటకు అర కిలోమీటరు చూపుతోందేం?

జవాబు: ఉత్తర, తూర్పు దిశల వేగాల్లో చిన్న చిన్న తప్పులు అటూ ఇటూ ఊగుతుంటాయి. వాటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే రుణ సంఖ్య రాదు కాబట్టి సగటు సున్నాకు దిగదు.

ప్రశ్న: ఇవేవీ లేకుండా సరిచూసుకునే మార్గం?

జవాబు: పట్టాల పక్కన కిలోమీటరు రాళ్లుంటే స్టాప్‌వాచ్ చాలు. 3600ను సెకన్లతో భాగించండి: 36 సెకన్లయితే 100. వేలు అర సెకను తడబడితే గంటకు 1.4 కిలోమీటర్ల తప్పొస్తుంది, అదే 5 కిలోమీటర్ల మీద కొలిస్తే 0.3కు తగ్గుతుంది. రాళ్ల మధ్య దూరం అన్నిచోట్లా సరిగ్గా కిలోమీటరే ఉండకపోవచ్చు కనుక రెండు మూడు వేర్వేరు ముక్కల మీద కొలిచి, అదే సమయానికి లాగ్‌లోని సగటు వేగంతో పోల్చండి.